కోటిలింగం గెలిచిన ఏడు

జమ్మివాగుకు ఎగువన ఒక పాలెం, దిగువన ఒక పాలెం ఉండేవి. వాగు పూడిపోయి, బావుల్లో నీళ్ళు ఉప్పెక్కి, మనుషులు ఏనాడో ఆ రెండు ఊళ్ళనూ వదిలేసి వెళ్ళిపోయారు. వాళ్ళు విప్పి వదిలేసిన పశువులూ, వెంట తీసుకుపోని మేకలూ కోళ్ళూ, అడవిలోంచి మెల్లగా దిగొచ్చిన మిగతా జంతువులూ అక్కడే సర్దుకుని బతికేవి. మేత తక్కువ, ఎండాకాలం ఎక్కువ. సాయంత్రమైతే గాలికి దుమ్ము లేచి ఎవరి గుమ్మం ఎవరిదో ఆనేది కాదు. అలాంటి చోట జనం ఏడాది పొడుగునా ఎదురుచూసే సంగతి ఒక్కటే ఉండేది. అది బండలాగుడు పందెం.

తొలకరికి ముందు, వాగు ఇసుక పక్కనున్న మైదానంలో పందెం జరిగేది. అక్కడ పక్కపక్కనే రెండు బాటలు. ఒకటి ఎగువపాలెం వాళ్ళది, ఇంకొకటి దిగువపాలెం వాళ్ళది. ఎవరి బాటను వాళ్ళే చదును చేసుకోవాలి. ఒకే బరువున్న రెండు బండలు. మెడకు మోకు కట్టుకుని ఎవరు ఎక్కువ దూరం లాగితే వాళ్ళది గెలుపు.

ఎగువపాలెం తరఫున ఓబులేసు అనే దున్నపోతు లాగేవాడు. కొండరాయిలాంటి ఒళ్ళు. దిగువపాలెం తరఫున కోటిలింగం అనే ఎద్దు. ఈ ఇద్దరికీ బండ లాగడమే పని, అదే బతుకు. ఇంటికొక పిడికెడు చొప్పున గడ్డి ఏరి తెచ్చి, పాలెం వాళ్ళే వాళ్ళను పోషించేవాళ్ళు.

కోటిలింగం ఏ ఏడూ గెలవలేదు. మొదట్లో కుర్రతనం వల్ల ఓడిపోయాడన్నారు, తర్వాత ఎండ ఎక్కువైందన్నారు, ఆ తర్వాత కారణాలు వెతకడం మానేశారు. ఓబులేసు ముందు అతను నిలవలేడు, అంతే. కానీ మోకు తెగేదాకా, లేదంటే మోకాళ్ళు నేలకు ఆనేదాకా లాగేవాడు. సగంలో వదిలేయడం అతనికి రాదు.

ఆ రోజుల్లో పానకాలు అనే నక్క దిగువపాలెంలో దాణా కొట్టు పెట్టుకుని ఉండేవాడు. తవుడు, గానుగ చెక్క, పత్తిగింజలు అమ్మేవాడు. సరుకు మంచిదే. కానీ ఎగువపాలెంలో ముంగిసకూ అలాంటి కొట్టే ఉంది, ఒక్క పత్తిగింజలు తప్ప అన్నీ దొరుకుతాయి, అక్కడి సరుకూ మంచిదే. పానకాలు ఒక గుప్పెడు ఎక్కువ పోస్తే జనం ఇటు వచ్చేవాళ్ళు. ముంగిస ఇంకో గుప్పెడు పోస్తే అటు పోయేవాళ్ళు. మొహమాటానికైనా ఎవరూ ఆగేవాళ్ళు కాదు. పొద్దుగూకేసరికి పానకాలు కొట్టు ముందు కూర్చుని, తన ముందు నుంచే బుట్టలు పట్టుకుని వాగు దాటిపోయే వాళ్ళను చూస్తూ ఉండేవాడు.

ఒక ఏడు పందెం దగ్గర నాలుగు గింజలు అమ్ముడుపోతాయేమోనని పానకాలు మైదానానికి వెళ్ళాడు. అదే మొదటిసారి వెళ్ళడం. ఓబులేసు మామూలుగానే గెలిచాడు. కోటిలింగం మామూలుగానే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఇక దిగువపాలెం వాళ్ళు ఈ ఎద్దును తిట్టిపోసి ఎవరిదారిన వాళ్ళు పోతారనుకున్నాడు నక్క. అలా జరగలేదు. కొమ్ముల్లో వేపరెమ్మలు పెట్టుకుని వచ్చిన వాళ్ళంతా ఎద్దు చుట్టూ చేరారు. ఒకరు చెవుల్లో దుమ్ము దులిపారు, ఒకరు గాయానికి పసరు రాశారు. ఆ తర్వాత అందరూ కలిసి నెమ్మదిగా, ఎద్దు నడవగలిగినంత నెమ్మదిగా, ఇళ్ళకు నడిచారు.

ఆ గుంపులో ఆదెమ్మ అనే ముసలి మేక ఉంది. కొట్టుకు పాత ఖాతాదారు, బేరం ఆడటంలో గట్టిది. పానకాలు ఆమె పక్కకు చేరి, ఓడిపోతాడని తెలిసీ ఇంతమంది ఎందుకొచ్చారని అడిగాడు.

"తెలుసని ఎవరన్నారు?" అంది ఆదెమ్మ. "బండ కదిలేదాకా ఎవరికీ తెలీదు. ఆ ఓబులేసుక్కూడా తెలీదు."

"పోనీ, కోటిలింగం ఓడిపోయాడు కదా. మీకు కోపం రాలేదా?"

ఆదెమ్మ నడక ఆపి వాడి ముఖంలోకి చూసింది. "వాడొక్కడూ ఓడిపోవడమేంటయ్యా? మనం ఓడిపోయాం."

ఆ మాట పానకాలు మనసులో దిగబడిపోయింది. వాడు పుట్టి బుద్ధెరిగాక ఎన్నో కొట్లు చూశాడు, ఎన్నో సంతలు తిరిగాడు. ఏ కొట్టు గురించీ ఎవరూ మనం అనడం వినలేదు. నాలుగు గుప్పెళ్ళు ఎక్కువ పోసినా రాని జనం, ఏమీ ఇవ్వకపోగా తమ నోటి దగ్గరి గడ్డి పట్టుకుపోయే ఎద్దు కోసం ఎండలో నిలబడ్డారు. ఇందులో వ్యాపారానికి పనికొచ్చేదేదో ఉందని వాడికి తోచింది.

ఆ రోజు నుంచీ నక్క ఆ పందెం సంగతులన్నీ బడిపిల్లాడిలా నేర్చుకోసాగాడు. పందెం ఒక్క పూటే అయినా దాని గురించిన మాటలు ఏడాదంతా నడుస్తాయి. రెమ్మ పెట్టుకున్నవాడు ఇంకో రెమ్మ పెట్టుకున్నవాణ్ణి ఎక్కడ చూసినా పలకరిస్తాడు. ఎగువపాలెం వాళ్ళు మోదుగుపువ్వు పెట్టుకుంటారు, కాబట్టి ఆ పువ్వు కనిపిస్తే చాలు, ఇటువాళ్ళకు వేపరెమ్మ మీద ప్రేమ రెట్టింపవుతుంది. పిల్లలకు కళ్ళు విప్పీ విప్పక ముందే మైదానం చూపిస్తారు. పెద్దయ్యాక ఆ పిల్లలు వేరే వైపు చేరిన సంగతి ఎవరూ వినలేదు. ఇవన్నీ పానకాలు సరిగ్గానే చూశాడు, సరిగ్గానే అర్థం చేసుకున్నాడు.

అప్పుడు కోటిలింగం దగ్గరికి వెళ్ళాడు. ఎద్దు పేరు కొట్టుకు పెట్టుకుంటాననీ, ప్రతి దాణా బుట్ట మీదా అతని గిట్ట అచ్చు వేయించుకుంటాననీ చెప్పాడు. బదులుగా ఏడాదంతా కోటిలింగం మేత కొట్టే భరిస్తుంది. ఇంటింటి నుంచీ గడ్డి తేవక్కర్లేదు.

కోటిలింగం తల తిప్పి ఇళ్ళ వైపు చూశాడు. తనకు గడ్డి తెచ్చే ఇళ్ళలో పిల్లలు ఎలా ఉంటారో అతనికి తెలుసు. ఆదెమ్మ మనవల పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. అయినా ఆమె వంతు పిడికెడు ఏ రోజూ తప్పలేదు.

"నీ దాణా మంచిదేనా?" అని అడిగాడు చివరికి.

"నా కడుపు మీద ఒట్టేసి చెబుతున్నా అన్నా, మంచిదే" అన్నాడు పానకాలు. అది అబద్ధం కాదు.

"అయితే పెట్టుకో. మా వాళ్ళ మీద బరువు తగ్గుతుంది."

అలా దిగువపాలెంలో కోటిలింగం దాణా వెలిసింది. బుట్ట కొన్నవాళ్ళకు పానకాలు పచ్చదారం ఒకటి ఇచ్చేవాడు. మెడకు కట్టుకుంటే రెమ్మలా వాడిపోదు. కొట్టు ముందు పందిరి వేయించి, పాత పందేల కబుర్లు చెప్పుకునే వాళ్ళకు కూర్చునే చోటు చేశాడు. గవర్రాజు అనే కాకి పందేల్లో దూరం కొలిచి చెప్పేవాడు. అతణ్ణీ, అతని తోటి కాకులనూ పిలిపించి, చుట్టుపక్కల పాలేలన్నిటికీ కొట్టు పేరూ తన పేరూ చాటించాడు. తీరిక దొరికితే తానే ఊరూరా తిరిగి చాటుకున్నాడు. కోటిలింగం సాయంత్రం పందిట్లోకి వచ్చి కాసేపు నిలబడితే చాలు, పిల్లలు అతని కాళ్ళ చుట్టూ మూగేవాళ్ళు.

ముంగిస ఎన్ని గుప్పెళ్ళు ఎక్కువ పోసినా దిగువపాలెం బుట్ట ఒక్కటీ వాగు దాటలేదు. ఒక రోజు సరుకు తక్కువై, ఆదెమ్మకు అడుగున మిగిలిన నలిగిన తవుడు ఇవ్వాల్సొచ్చింది. పానకాలు సర్దిచెప్పబోయాడు. ఆమె బేరం ఆడలేదు.

"పర్లేదులే నాయనా. మన కొట్టేగా" అంది.

పానకాలు లోపలికి వెళ్ళి బస్తాల మధ్య కాసేపు ఊరికే నిలబడ్డాడు. వాడి జన్మలో ఎవరూ వాడి దాన్ని మనది అనలేదు. నిజంగానే వాడికి కళ్ళు చెమర్చాయి. ఆ రోజుతో వాడు తృప్తిపడి ఉంటే ఈ కథ చెప్పుకోవాల్సిన పని ఉండేది కాదు.

కానీ ముంగిస కూడా చూస్తూ ఊరుకోలేదు. ఓబులేసు పేరుతో అతనూ బుట్టలు కట్టించాడు. దిగువపాలెంలో వాటి నీడ కూడా పడలేదు గానీ, కొండల అవతలి పాలేల వాళ్ళకు ఏ పక్షమైనా ఒకటే. వాళ్ళు గెలిచినవాడి దాణా ఏదని అడిగి, అదే కొనుక్కుపోయేవాళ్ళు. సంత రోజున ముంగిస బస్తాలు బారులు తీరి కొండ ఎక్కుతుంటే పానకాలుకు అన్నం సహించేది కాదు. ఓడిన ఎద్దు పేరే ఇంత వ్యాపారం తెచ్చిందే, అదే ఎద్దు గెలిస్తే ఇక చెప్పాలా అనుకున్నాడు. ఆ ఆలోచన వచ్చాక దాని వెనకే ఇంకో ఆలోచన రావడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఆ ఏడు పందానికి ముందు పానకాలు పట్టలేనంత పత్తిగింజలు తెప్పించి కొట్టు నిండా, పందిరి నిండా, పక్కింటి పాక నిండా పేర్పించాడు. గెలిచిన మర్నాడే కొండ అవతలికి పంపాలని వాడి ఉద్దేశం. ఆ తర్వాత వాగు గట్టున బొరియల్లో ఉండే పందికొక్కులతో మాట్లాడుకున్నాడు. గట్టు లోపలి నుంచే తవ్వుకుంటూ వెళ్ళి ఎగువపాలెం బాటను, కోటిలింగం బండ ఏటా ఆగే దూరం దగ్గర, అడుగున గుల్ల చేయాలి. పైన మట్టి కదలకూడదు. దున్నపోతు కాలు కొంచెం దిగబడాలి, బండ ఆగిపోవాలి, అంతకు మించి ఏమీ వద్దన్నాడు. పందికొక్కులు ఎందుకు, ఏమిటని అడగలేదు. తవ్వినన్నాళ్ళూ పత్తిగింజలు పోయిస్తానంటే సరేనన్నాయి.

పందెం రోజు మబ్బు పట్టి ఉంది. గాలి లేదు. రెండు పాలేల జనమూ, కొండ అవతలి వాళ్ళూ మైదానం చుట్టూ నిండిపోయారు. దిగువపాలెం వైపు ఎక్కడ చూసినా పచ్చదారాలే.

ముందు కోటిలింగం లాగాడు. వయసు మీద పడుతోంది, ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా తన వాళ్ళ ముందు తల దించకుండా లాగాడు. బండ ఆగిన చోట గవర్రాజు గుర్తుకర్ర పాతించాడు. కిందటేటి కంటే కొంచెం తక్కువే.

తర్వాత ఓబులేసు మోకు తగిలించుకున్నాడు. బండ అతని వెనక అలవాటైన దానిలా కదిలింది. కోటిలింగం గుర్తు దగ్గరికి వచ్చేశాడు. ఇంకొక్క ఊపు ఊపితే దాటిపోతాడు. అప్పుడు అతని ముందుకాలి కింద నేల కుంగింది.

కాలు మోకాలిదాకా లోపలికి పోయింది. ఆగుదామనుకున్నాడు గానీ, ముందుకు వాలిన అంత పెద్ద శరీరం ఆగలేదు. ఎండుకొమ్మ విరిగినట్టు ఒక చప్పుడు మైదానం చివరిదాకా వినిపించింది. ఓబులేసు అరవలేదు. పక్కకు ఒరిగిపోయి, ఏం జరిగిందో అర్థం కానట్టు తన కాలి వైపే చూస్తూ ఉండిపోయాడు.

గవర్రాజు రెండు గుర్తుల మధ్యా ఎగిరి చూసుకుని, దిగువపాలెం గెలిచిందని చెప్పాడు. పందెం నియమం అదే. తర్వాత దిగువపాలెం వైపు ఒక్కసారిగా సంబరం లేచింది. ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూసిన వాళ్ళు వాళ్ళు. ముసలివాళ్ళు ఏడ్చారు. పిల్లలు మట్టిలో పొర్లారు. ఎగువపాలెం వాళ్ళు మాత్రం మోదుగుపూలు రాలిపోతున్నా పట్టించుకోకుండా ఓబులేసును పైకి లేపే ప్రయత్నంలో ఉన్నారు. కోటిలింగం మెడలో మోకుతో అలాగే నిలబడి, తన వాళ్ళు చేసుకుంటున్న సంబరాన్ని ఎవరిదో అన్నట్టు చూశాడు.

మర్నాడు కోటిలింగం వాగు దాటి ఓబులేసును చూడటానికి వెళ్ళాడు. దున్నపోతు ఒక పాకలో గడ్డి మీద పడుకుని ఉన్నాడు. కాలికి వెదురుబద్దలు కట్టారు. అతను ఇక నడిస్తే నడుస్తాడేమో గానీ, బండ లాగడని ఇంట్లో వాళ్ళు బయటే చెప్పారు.

"రా బావా, కూర్చో" అన్నాడు ఓబులేసు. గెలిచినందుకు నిష్ఠూరం లేదు. తనే చెప్పాడు. "పందెమంటే నాకు ప్రతి ఏడూ భయమే. నువ్వు ఈసారి దాటిపోతావేమోనని ముందురోజంతా మేత దిగేది కాదు. గెలుస్తానని ముందే తెలిసుంటే నేను వచ్చేవాణ్ణి కాదు. చూడ్డానికి ఎవరూ వచ్చేవాళ్ళూ కాదు." తర్వాత కాలి వైపు చూసి, "ఆ నేల గట్టి నేల. మా వాళ్ళు దిమ్మిస కొట్టి చదును చేశారు. ఎలా కుంగిందో నాకు తెలీడం లేదు" అన్నాడు.

కోటిలింగం తిరుగుదారిలో మైదానంలోకి వెళ్ళాడు. ఓబులేసు కాలు దిగిన గుంట అలాగే ఉంది. కొమ్ముతో అంచు కదిపాడు. మట్టి పెళ్ళగా ఊడి పడి, కింద ఒక సొరంగం బయటపడింది. దాని పక్కన ఇంకొకటి. అడుగున, తవ్వినవాళ్ళు తింటూ తింటూ వదిలేసిన పత్తిగింజలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఆ ప్రాంతంలో పత్తిగింజలు అమ్మే కొట్టు ఒక్కటే ఉంది. దాని మీద తన పేరు ఉంది.

పానకాలు పందిట్లో బస్తాలు కట్టిస్తున్నాడు. కొండ అవతలి వాళ్ళు అప్పుడే సరుకు అడిగి వెళ్ళారు. కోటిలింగం ముఖం చూడగానే వాడికి విషయం తెలిసిపోయింది. పనివాళ్ళను బయటికి పంపేసి, ఎద్దును లోపలికి తీసుకెళ్ళాడు.

బుకాయించలేదు. కాలు విరుగుతుందని తాను అనుకోలేదన్నాడు. జరిగింది జరిగిపోయిందనీ, ఓబులేసు ఇంటికి బతికినన్నాళ్ళూ దాణా పంపిస్తాననీ చెప్పాడు. గుంట పూడ్పించేస్తే ఎవరికీ అనుమానం రాదన్నాడు. బయట పిల్లల ఆట చప్పుడు వినమన్నాడు. ఆ సంతోషం వాళ్ళకు మళ్ళీ ఎప్పుడొస్తుందో ఆలోచించమన్నాడు.

"నేను వాళ్ళకు చెప్పాలి" అన్నాడు కోటిలింగం.

"చెప్పు. చెప్పాక ఏమవుతుందో కూడా విను అన్నా." నక్క గొంతు తగ్గించాడు. వాడి మాటలో బెదిరింపు లేదు, అలసట ఉంది. "నీకు తెలీకుండా జరిగిందని ఎవరూ నమ్మరు. నీ పేరుతో కొట్టు, నా దాణాతో నీ కడుపు. ఇద్దరం కలిసే చేశామంటారు. నేను పోతే ఇంకో ఊళ్ళో కొట్టు పెట్టుకుంటా. నువ్వు ఇక్కడే బతకాలి."

కోటిలింగం ఆ మాటలు విని, అవి నిజమేనని గ్రహించి, బయటికి నడిచాడు.

సాయంత్రం పందిట్లో అందరూ ఉండగా చెప్పాడు. మాటలు పేర్చడం అతనికి రాదు. బాట కింద ఏముందో చెప్పి, ఎవరు చేయించారో చెప్పి, తనకు తెలీదని చెప్పి ఊరుకున్నాడు. కొందరు లేచి మైదానానికి పరుగెత్తి, చూసి, తిరిగొచ్చి కూర్చున్నారు. ఎవరూ అరవలేదు. పానకాలు మీద ఎవరూ చెయ్యి చేసుకోలేదు. వాడు దానికి సిద్ధపడి బస్తాల వెనక నిలబడి ఉన్నాడు. దెబ్బలు పడి ఉంటే వాడికి కొంత నయంగా ఉండేదేమో.

చివరికి ఆదెమ్మ లేచింది. మెడలోని పచ్చదారాన్ని పళ్ళతో తెంపి, కొట్టు గుమ్మం మీద పెట్టింది.

"ఇన్నేళ్ళు ఓడిపోయి కూడా తలెత్తుకుని ఇంటికి పోయాను. గెలిచిన ఏడు తల దించుకోవాల్సొచ్చింది" అంది. పానకాలును ఏమీ అనలేదు. మనవలను కూడదీసుకుని వెళ్ళిపోయింది. ఆమె వెనక మిగతావాళ్ళూ లేచారు. గుమ్మం మీద దారాలు కుప్పపడ్డాయి.

తర్వాతి రోజుల్లో పానకాలు తనకు తెలిసిన ఉపాయాలన్నీ వాడాడు. గుప్పెడు ఎక్కువ పోశాడు. తర్వాత బుట్టకు బుట్ట ఊరికే ఇస్తానన్నాడు. ఎద్దు పేరు తుడిపించి వేరే పేరు రాయించాడు. దాణా ఎప్పటి దాణానే, అందులో రాయి లేదు, పుచ్చు లేదు. మామూలు కొట్టులో తూకం తగ్గితే కొనేవాడు దెబ్బలాడతాడు, రెండు రోజులు అలుగుతాడు, గుప్పెడు ఎక్కువేస్తే తిరిగొస్తాడు. ఇక్కడ దెబ్బలాడటానికి కూడా ఎవరూ రాలేదు. మన కొట్టు అనుకున్నవాళ్ళు, సొంత అన్నదమ్ముడు మోసం చేస్తే ఎలా ముఖం తిప్పుకుంటారో అలా తిప్పుకున్నారు. ఆదెమ్మ మనవలు ఎండుటాకులు నములుతూ కొట్టు ముందు నుంచే పోయేవాళ్ళు, లోపలికి చూసేవాళ్ళు కాదు.

అది దొంగ గెలుపని తెలిసి కొండ అవతలి వాళ్ళు కూడా సరుకుకు రాలేదు. తొలకరి ఆ ఏడు ముందే వచ్చింది. పందిట్లోని పత్తిగింజలు తడిసి, మొలకలెత్తి, ఆ తర్వాత బూజు పట్టాయి. వాగు దాకా వాసన కొట్టింది. ఒక ఉదయం చూస్తే కొట్టు తలుపు బార్లా తీసి ఉంది, నక్క లేడు.

నక్క చెప్పినట్టే కోటిలింగం మాటను దిగువపాలెంలో సగం మంది నమ్మలేదు. నమ్మినవాళ్ళకూ అతని ముఖంలోకి చూడటం కష్టమైంది, చూస్తే ఆ రోజు తాము చేసిన సంబరం గుర్తొచ్చేది. అతనికి గడ్డి తెచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఎగువపాలెం వాళ్ళు తమ బండను దొర్లించి వాగులో పడేశారు. ఇక పందెమే లేదు. కోటిలింగం అడవిలోంచి కట్టెలు లాగే పనికి కుదిరి, వచ్చిన మేతలో కొంత రోజూ వాగు దాటి ఓబులేసు పాకకు తీసుకెళ్ళేవాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తినేవాళ్ళు. సాయంత్రాలు రెండు పాలేల్లోనూ ఎవరి గుమ్మంలో వాళ్ళు కూర్చునేవాళ్ళు. మాట్లాడుకోవడానికి ఎవరి దగ్గరా ఏ సంగతీ ఉండేది కాదు.

పానకాలు కొండలు దాటి, ఎవరూ ఎరగని చోటు కోసం చాలా దూరం పోయాడు. ఒక కుంట పక్కన బాతులు, కొంగలు, నాలుగు గొర్రెలు ఉండే చిన్న ఊరు కనబడింది. ఒంటి బొచ్చును నున్నగా దువ్వుకుని, ఊరిపెద్ద అయిన ముసలి బాతు దగ్గరికి వెళ్ళి, ఇక్కడ దాణా కొట్టు పెట్టుకుంటానని వినయంగా అడిగాడు. పేరేమిటని బాతు అడిగింది. నక్క ఏదో పేరు చెప్పబోయాడు.

"అక్కర్లేదులే నాయనా, మాకు తెలుసు" అంది బాతు. "పచ్చదారం పానకాలువి నువ్వే కదా. నీ పేరు ఊరూరా చాటించుకున్నావు. ఆ వచ్చిన కాకులే మిగతా కథ కూడా చెప్పి పోయాయి."

ఆ ఊళ్ళో కాదన్నాక వాడు ఇంకో ఊరు పోయాడు. అక్కడా పేరు వాడి కంటే ముందే చేరి ఉంది. చీకటి పడే వేళకు ఒక బోడిగుట్ట మీద కూర్చుని, కింద దీపాలు వెలిగే ఊళ్ళను చూస్తూ, తనను ఎరగని ఊరు ఏదైనా మిగిలి ఉందా అని ఆలోచించాడు. తన పేరు అందని చోటు ఒక్కటీ తోచలేదు. పేరు చాటించుకునే పని అంత బాగా చేశాడు.

గెలుపును దొంగిలించి అమ్ముకున్నవాడికి, పోయిన నమ్మకాన్ని తిరిగి కొనుక్కునే అంగడి ఎక్కడా దొరకదు.